ఎర్తమ్మకు నీళ్ళు

పల్నాటిలో దేవతలు ఊరికే పుట్టరు. కొందరు యుద్ధాల్లో చచ్చి దేవతలయ్యారు, కొందరు మశూచిలో జనాన్ని చంపి దేవతలయ్యారు. వాళ్ళకి పేరు పెట్టిన మహానుభావులెవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్క ఎర్తమ్మ విషయంలోనే ఆ లోటు లేదు. ఆవిడ స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, నరసరావుపేటలో, దేవమ్మ నోట పుట్టింది. దేవమ్మ బాప్తీస్మం పుచ్చుకున్న మనిషి కావడమే ఈ పుట్టుకలోని చిక్కు.

దేవమ్మ కాపురం పేటకి పడమటి కొసన, పత్తి మిల్లు వెనక ఉన్న పల్లెలో. పెనిమిటి సామ్యేలు కలరాలో పోయాడు. పత్తి రోజుల్లో పత్తి ఏరేది, మిరప రోజుల్లో మిరపకాయలు కోసేది, రెండూ లేని రోజుల్లో ఏది దొరికితే అది మోసేది. అట్లా మోసే రోజుల్లోనే పేటకి కరెంటు వస్తున్నదని చెప్పి రోడ్డు వెంబడి స్తంభాలకు గుంటలు తవ్వటం మొదలుపెట్టారు. మన నేల సంగతి తెలిసిందే గదా. పైన మూరెడు నల్లమట్టి, కింద నాపరాయి. గునపం వేసిన చోటల్లా నిప్పురవ్వలు లేచాయి. ఆ విధంగా పేటలో మొట్టమొదటి వెలుగు బెజవాడ నించి రాలేదు, మన రాతిలోంచే వచ్చింది. కానీ దానికి ప్రారంభోత్సవం ఎవరూ చెయ్యలేదు.

ఆ పని మీద ఉన్న లైన్‌మాన్ ఆదెయ్య. గుంటూరు నించి వచ్చాడు. మాట కరుకు, మనసు మంచిది, ఎడమచేతి వేళ్ళు రెండు ముడుచుకుపోయి తెరుచుకోవు. ఒకరోజు తట్ట దించి చెమట తుడుచుకుంటూ దేవమ్మ అతన్ని అడిగింది.

"ఇంతకీ ఇది ఎక్కణ్ణించి వస్తదన్నా?"

"బెజవాడ నించి."

"రైల్లోనా?"

"తీగలో."

దేవమ్మ కింద పడున్న తీగముక్క తీసుకుని కొసని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "దీంట్లో బొక్క లేదే?"

ఆదెయ్య నవ్వలేదు. తనకి ఉద్యోగం ఇచ్చిన రోజున తనూ అదే చూశాడు.

"బెజవాడలో బొగ్గు తగలేసి నీళ్ళు మరగబెడతారు. ఆవిరి లేచి చక్రాన్ని తిప్పుద్ది. చక్రం తిరిగితే కరెంటు పుట్టుద్ది. పుట్టింది పుట్టినట్టు పంపితే ఇంత దూరం వచ్చేసరికి దారిలోనే నీరసపడుద్ది. అందుకని బయల్దేరేటప్పుడే దానికి పొగరెక్కించి పంపుతారు. ఆ పొగరు మీద గుంటూరు వస్తది. గుంటూరు నించి మన పేటకొస్తది. అదే పొగరుతో ఇళ్ళల్లోకి వదిలామనుకో, వెలిగేది బల్బు కాదు, ఇల్లు. అందుకని ఊళ్ళోకి రాగానే ఇదుగో, ఈ ఇనపడబ్బాలో దూర్చి పొగరు దించుతాం. మెత్తబడ్డాక ఇళ్ళకి పంపుతాం."

"మా మేస్త్రీని గూడా ఓమాటు ఆ డబ్బాలో కూకోబెట్టన్నా, పుణ్యముంటది" అంది దేవమ్మ.

ఆ డబ్బా పేరు ట్రాన్స్‌ఫార్మరు. పత్తి మిల్లు మలుపులో, పల్లె బావికి అల్లంత దూరంలో, గట్టు కట్టి దాని మీద నిలబెట్టారు. చుట్టూ ముళ్ళతీగ. ముందు ఎర్రక్షరాల బోర్డు, దాని మీద పుర్రె, పుర్రె కింద రెండెముకలు. ముళ్ళతీగకి అవతల, రోడ్డు వైపు, మోకాలి లోతున, చుట్టూ గట్టు కట్టిన చిన్న గుంట ఒకటి.

"దీన్ని ఎర్తు అంటారు" అన్నాడు ఆదెయ్య. "కరెంటు ఎంత మెత్తబడినా దాని బుద్ధి దానిదే. లోపల ఏదన్నా కాలిందనుకో, పిడుగు పడిందనుకో, డబ్బాకే ఎక్కి కూర్చుంటది. ఎక్కింది ఎటో దిగాల గదా? నేల్లోకి దిగాల. అందుకే గుంట తవ్వి, రేకు పాతి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా పోశాం. రోజూ తడపాల. మన రాతినేల్లో తడి నిలవదు. తడి లేకపోతే కరెంటు నేల్లోకి దిగదు. డబ్బాని ఎవడు ముట్టుకుంటే వాడిలోంచి దిగుద్ది."

అని, ముడుచుకుపోయిన చెయ్యి చూపించాడు. "ఇది అట్టా దిగిందే. తెనాలి దగ్గర. ఆ గుంటలో నీళ్ళు పొయ్యాల్సినోడు ఆ వారం పెళ్ళికి పోయాడు."

దేవమ్మ ఆ వేళ్ళ వంక చానాసేపు చూసింది.

పై ఆఫీసువారు సుదీర్ఘంగా ఆలోచించి, ఎర్తు గుంటకు నీరు పోయుటకు ఒక మనిషిని మంజూరు చేశారు. ఆ మనిషి దేవమ్మ. జీతం సంగతి చెప్పుకోవటానికి ఏమీ లేదు. ఆమెను పెట్టుకోవడానికి కారణం మాత్రం చెప్పుకోవాలి. గుంటకి దగ్గరున్న బావి పల్లెవాళ్ళది. ఆ బావిలో చేద వెయ్యటానికి పేటలో తక్కినవాళ్ళెవరికీ చేతులు రావు. ఆదెయ్య కూడా ఆ నీళ్ళు తాగడు. తాగనని ఎప్పుడూ అనడు, మర్యాదస్తుడు. దప్పిక లేదంటాడు. వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం స్తంభం దిగి వచ్చి కూడా దప్పిక లేదంటాడు.

కాబట్టి అప్పటి పరిస్థితి ఇది: దేవమ్మ చేతి నీళ్ళు పేటలో ఏ ఇంటి గడపా దాటవు. పేటలో ప్రతి గడపలోనూ వెలిగే దీపం ఆ నీళ్ళ మీదే నిలబడి ఉంది. గుంట మటుకు ఎవరి చేతి నీళ్ళు అని అడగలేదు. పొయ్యగానే గుటగుట తాగేది. దేవమ్మకి ఆ చప్పుడు ఇష్టం.

ఆ ఇష్టంలోనే అసలు పొరపాటు జరిగింది. ఆడమనిషిని ఉత్త పేరు పెట్టి పిలవటం మనలో లేదు. పక్కింటామె అయినా, పాడిబర్రె అయినా, కొండ మీద దేవత అయినా చివర అమ్మ ఉండాల్సిందే. రోజూ నీళ్ళు తాగే దాన్ని "ఎర్తు" అనటానికి దేవమ్మకి నోరు రాలేదు. బిందె వంచుతూ, "తాగమ్మా, ఎర్తమ్మా" అంది.

ఆ మాట రోడ్డుకి అవతల మరమరాలూ బఠాణీలూ అమ్ముకునే సుబ్బులమ్మ చెవిన పడింది.

సుబ్బులమ్మకి దేవతల విషయంలో అనుభవం ఉంది. కొన్నాళ్ళు ఊరికే గమనించింది. ఒకనాటి సాయంత్రం గాలివాన కొట్టి పేటంతా చీకటైంది. తెల్లవారి దేవమ్మ అలవాటు ప్రకారం నీళ్ళు పోసి బిందె దించిందో లేదో, మిల్లు గేటు మీద బల్బు వెలిగింది. అవతల ఆదెయ్య తెగిన తీగ కట్టి స్విచ్చి వేశాడన్న సంగతి సుబ్బులమ్మకి కనబడదు గదా. కనబడింది బిందె, బల్బు. అంతే.

"ఏమే దేవమ్మా, నాతో ఒక్కమాట చెప్పకపోతివే!" అంది రోడ్డు దాటి వచ్చి.

"ఏంది అత్తా?"

"అమ్మవారని."

"అమ్మవారేంది? అది ఇనప డబ్బా."

"పుర్రె బొమ్మ ఉంది. ఎర్రటి రాతలున్నాయి. ముట్టుకుంటే చస్తారు. రోజూ నీళ్ళు పొయ్యాల, ఉప్పు వెయ్యాల. ఇంకా ఏం గావాలే దేవతకి, కొమ్ములా?"

ఈ మాటకి జవాబు దేవమ్మకే కాదు, నిజం చెప్పాలంటే ఇంజనీరుకైనా తోచేది కాదు.

మర్నాటికి గుంట గట్టుకి పసుపు. ఆ పైవారం కుంకుమ, వేపమండ. ఇంకో వారానికి నిమ్మకాయలు, కొబ్బరిచిప్ప. దేవమ్మ పొద్దున్నే వాటిని పక్కకి జరిపి నీళ్ళు పోసేది. పారెయ్యటానికి మాత్రం చెయ్యి ఆడలేదు. పక్కవాళ్ళ భక్తిని చీపురుతో ఊడిస్తే బాగుండదని ఆమె ఉద్దేశం.

కబురు పల్లెలోని క్రీస్తు గుడికి పెద్ద, జ్ఞానయ్య దాకా పోయింది.

జ్ఞానయ్య మిషను బడిలో హెడ్మాస్టరు చేసి దిగిన మనిషి. నిఖార్సయినవాడు. ఆయన తాత క్రైస్తవంలో కలిసిన రోజున ఇంటి ముందు వేపచెట్టు కింది రాళ్ళని స్వహస్తాలతో పెకలించాడట. విగ్రహారాధన గరికలాంటిదనీ, ముందు కోస్తుంటే వెనక మొలుస్తుందనీ జ్ఞానయ్య అభిప్రాయం. ఇప్పుడది కరెంటు డబ్బా కింద మొలిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దల సభ కూర్చుంది. దేవమ్మని ఎదుట నిలబెట్టారు.

"అమ్మాయ్ దేవమ్మా! నువ్వు రోజూ ఆ గుంట దగ్గరికి పోతున్నావా?"

"పోతున్నానయ్యగారూ."

"చెప్పులేసుకునేనా?"

"నాకు చెప్పులెక్కడివయ్యగారూ?"

"చెప్పుల్లేకుండానే" అని ఒక పెద్ద మరొక పెద్ద వంక చూసి గంభీరంగా తల పంకించాడు.

"ఉప్పు వేస్తావా?"

"వేస్తా. బొగ్గు గూడా."

"నీళ్ళు పోసేటప్పుడు నోటితో ఏమన్నా అంటావా?"

దేవమ్మ అబద్ధమాడదు. అదే ఆమె దురదృష్టం. "తాగమ్మా అంటా."

సభ కదిలింది.

"గుంటకి నోరుందా?"

"బర్రెకి కుడితి పెట్టేటప్పుడు తాగమ్మా అనమా అయ్యగారూ? అది దేవతా?"

"బర్రెకి పసుపు కుంకుమలు పెట్టటం లేదు గదా!"

"పెట్టేవాళ్ళు లేకపోలేదు" అన్నాడు వెనక నించి ఒకాయన. జ్ఞానయ్య చూసిన చూపుకి ఆయన పక్కాయన వెనక్కి జరిగాడు.

"ఎర్తమ్మ అనే పేరు ఎవరు పెట్టారు?"

"నేనేనయ్యగారూ."

"అమ్మ అని ఎందుకు తగిలించావు? అక్కడే గదా తప్పు!"

"అమ్మ అంటే దేవతేనా అయ్యగారూ?" అంది దేవమ్మ. "నాకు బాప్తీస్మమప్పుడు మీ నాయనగారే గదా దేవమ్మని పేరు పెట్టింది? నా పేర్లో దేవుడూ ఉన్నాడు, అమ్మా ఉంది. ఇన్నేళ్ళలో నన్నెవురన్నా మొక్కారా? ఎర్తమ్మలో ఉత్త అమ్మే గదా."

జవాబు లేనప్పుడు పెద్దమనుషులు గడువు పెడతారు. వచ్చే రొట్టె విరిచే ఆదివారం నాటికి విచారించి తీర్పు చెపుతామనీ, దేవమ్మని ప్రభు బల్లకి, అంటే అందరూ కలిసి రొట్టె పుచ్చుకునే చోటికి, రానివ్వాలో వద్దో ఆనాడే తేలుస్తామనీ, అంతదాకా ఆమె ఆ గుంటలో చుక్క నీరు పొయ్యరాదనీ సభ నిర్ణయించింది.

దేవమ్మ ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆ పేటలో ఆమె చేతి నీళ్ళు పుచ్చుకునేది గుంట ఒక్కటే. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెయ్యి పెట్టిన పళ్ళెంలోనే అందరూ చెయ్యి పెట్టేది గుడిలో ఒక్కచోటే. ఉన్న రెంటిలో ఒకటి తెంచుకోమంటున్నారు. గుడిని తెంచుకోవటం ఆమె వల్ల కాదు. గుంటని తెంచుకుందామంటే ఆదెయ్య వేళ్ళు కళ్ళల్లో ఆడుతున్నాయి.

చివరికి పెద్దల మాట విన్నది. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ చేదేది, బిందె నిండాక గుర్తొచ్చేది. నిండిన బిందెను ఒలకబొయ్యలేక ఇంటికి మోసుకొచ్చి సొరపాదుకి పోసేది. పేటలో తీగలన్నిటికీ ముప్పు మూడిన ఆ రోజుల్లో దేవమ్మ ఇంటి సొరతీగ మటుకు ఎన్నడూ లేనంత ఏపుగా పాకింది.

ఎండలు మండుతున్నాయి. గుంట ముందు తెల్లబడింది, తరవాత పగిలింది. ఆదెయ్య జ్ఞానయ్య ఇంటికి పోయాడు.

"అయ్యగారూ, ఆ గుంట ఎండితే ప్రమాదం. దేవమ్మని పొయ్యనీండి."

"మీ డిపార్టుమెంటులో ఇంకెవరూ లేరా?"

"పేట బావులెండినయ్. పంపు చానా దూరం. దగ్గరున్నది మీ పల్లె బావి."

"అయితే నువ్వే చేదిపొయ్యి."

ఆదెయ్య నేల చూశాడు. "నేనంటే... ఆ బావిలో..."

"అంటే మా బావి నీళ్ళు మీ కరెంటుకి పనికొస్తయ్, మీకు పనికిరావు."

"నేను పెట్టిన కట్టుబాటు కాదు గదయ్యా" అన్నాడు ఆదెయ్య చిన్నగా. నిజమే. అతను పెట్టింది కాదు. తీసింది కూడా కాదు.

ఇద్దరూ తమ తమ కట్టుబాట్ల మీద నిలబడి ఉండగా, సుబ్బులమ్మ ఏ కట్టుబాటూ లేకుండా పనిలోకి దిగింది. దేవమ్మ నీళ్ళు మానేసింది, గుంట నోరు పగిలింది. అమ్మవారికి కోపం వస్తే పేట మిగులుతుందా? శుక్రవారం పొద్దున ఆడవాళ్ళని పోగుచేసింది. దూరమైనా సరే పంపు దగ్గర వరసలో నిలబడి బిందెలు నింపి, పసుపు కలిపి, నెత్తిన పెట్టుకుని బయల్దేరారు. గుంటలో పొయ్యటానికి కాదు. అంత కోపంలో ఉన్న తల్లికి కాళ్ళ దగ్గర పోస్తే చాలదని, నెత్తి మీంచి అభిషేకం చెయ్యటానికి. తల్లి నెత్తి అంటే ఇనప డబ్బా.

ముందుగా చూసింది బావి దగ్గరున్న దేవమ్మ. చేద వదిలేసి, "అన్నా! ఆదెయ్యన్నా!" అని కేక పెట్టింది. దూరంగా స్తంభం మీదున్న ఆదెయ్య ఒక్క చూపు చూసి జారినట్టు దిగి, స్విచ్చి తియ్యటానికి మిల్లు వైపు పరుగు పెట్టాడు. కేక విని జ్ఞానయ్య ఉత్తరీయం లేకుండానే ఇంట్లోంచి వచ్చాడు. వచ్చేసరికి సుబ్బులమ్మ ముళ్ళతీగని కర్రతో ఎత్తిపట్టింది. ఒకామె బిందె పట్టుకుని లోపలికి వంగుతోంది.

"ఆగండి! దాని మీద పొయ్యమాకండి! ముట్టుకుంటే చస్తారు!" అని అరిచాడు జ్ఞానయ్య.

"చస్తామనే గదయ్యా పోసేది" అంది సుబ్బులమ్మ. "దేవమ్మని మీరే ఆపితిరి. తల్లి నోరెండిపోతుంటే చూస్తా కూకోమంటారా?"

"పొయ్యాల్సింది డబ్బా మీద కాదు, గుంటలో!"

"ఎవురు పోస్తారు?"

అది న్యాయమైన ప్రశ్న. జ్ఞానయ్య గుంటని చూశాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. తాతగారి వేపచెట్టు కూడా కనబడి ఉంటుంది. తరవాత బిందెతో వంగిన ఆమె చేతిని చూశాడు. డబ్బాకీ ఆ చేతికీ మధ్య బెత్తెడు దూరం.

"దేవమ్మా! నీళ్ళు!"

దేవమ్మ నిండు బిందెతో పరుగెత్తుకొచ్చింది. గుంట దగ్గరికొచ్చి ఆగిపోయింది. "నన్ను పొయ్యొద్దన్నారు గదయ్యగారూ."

"నువ్వు పొయ్యమాక. ఇటు తే."

బిందె లాక్కుని, వేపమండల మీదా నిమ్మకాయల మీదా ఆ విశ్రాంత హెడ్మాస్టరు స్వహస్తాలతో నీళ్ళు గుమ్మరించాడు. గుంట గుటగుట తాగింది. "ఇంకోటి" అన్నాడు. ఇంకోటి తెచ్చింది. వంగిన ఆమె బిందె దించి చూస్తూ నిలబడిపోయింది. ఆడవాళ్ళందరూ వరసగా దణ్ణం పెట్టారు, గుంటకో ఆయనకో తెలియలేదు.

"ఎన్ని బిందెలకి మొక్కుకున్నారయ్యా?" అని అడిగింది సుబ్బులమ్మ ఎంతో మర్యాదగా.

అప్పటికి స్విచ్చి తీసి ఒగర్చుకుంటూ ఆదెయ్య తిరిగొచ్చాడు. నాలుక పిడచకట్టుకుపోయి మాట రావటం లేదు. దేవమ్మ బిందె అడుగున నీళ్ళు మిగిలున్నాయి. ఆమె అతని వంక చూసింది. అతను ఆ నీళ్ళ వంక చూశాడు. "దప్పికగానే ఉంది దేవమ్మా" అన్నాడు చివరికి. అని, మిల్లు వైపు వెళ్ళిపోయాడు. ఆ మాటైనా అన్నాడని దేవమ్మ తరవాత చెప్పుకునేది.

రొట్టె విరిచే ఆదివారం వచ్చింది. దేవమ్మ తెల్లచీర కట్టుకుని చాప చివర, లేచిపోవటానికి వీలుగా కూర్చుంది. రొట్టె పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఒక పెద్ద లేచి, దేవమ్మ వ్యవహారం ఇవాళ తేలాల్సి ఉందని జ్ఞాపకం చేశాడు.

జ్ఞానయ్య బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. గుడ్డ తియ్యలేదు.

"ఆ గుంటలో నీళ్ళు పోసినవాళ్ళు ఈ పళ్ళెం ముట్టరాదని తీర్పు చెప్పదలిస్తే, ఇప్పుడే చెప్పండి" అన్నాడు. "ఇవాళ రొట్టె విరవటానికి ఇంకొకర్ని చూసుకోవాల్సి ఉంటది."

లేచిన పెద్ద తిరిగి కూర్చున్నాడు. జ్ఞానయ్య గుడ్డ తీశాడు. పళ్ళెం వరస వెంబడి చెయ్యి మారుతూ వచ్చి, చాప చివర దేవమ్మ దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి పెట్టి ఒక ముక్క తీసుకుంది. పక్కామె ఆమె చేతిలోంచే పళ్ళెం అందుకుంది.

తరవాత సభ ఒక చిన్న షరతు మాత్రం పెట్టింది. నీళ్ళు పొయ్యొచ్చు, మాట్లాడకూడదు. పేరు ఎర్తు అనే అనాలి.

మర్నాడు పొద్దున దేవమ్మ బిందె వంచింది. అలవాటు చొప్పున "తాగ..." అన్నది, అంతలో రోడ్డు మీద జ్ఞానయ్య వాహ్యాళికి పోతూ కనబడ్డాడు. మాట సగంలో ఆపేసింది. గుంట తాగటం కూడా ఆపినట్టే అనిపించింది ఆమెకి.

జ్ఞానయ్య ఆగాడు. గుంట వంక చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తలెత్తి, బెజవాడ నించి వచ్చే ఆ తీగల్ని ఒక స్తంభం నించి ఇంకో స్తంభం దాకా, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరంత శ్రద్ధగా పరీక్షించటం మొదలుపెట్టాడు.

"...మ్మా" అంది దేవమ్మ.